దూకమన్నదెవరు? వ్యాపార ప్రకటనలు, వాటి బాధ్యత



వ్యాపార ప్రకటనలంటే మనందరికీ తెలిసినవే. సబ్బు కొనమని, పళ్లపొడి కొనమని, చీరలు కొనమని చెప్పే ప్రకటనలతో మనకు పెద్దగా పేచీ లేదు. ఇప్పుడు మనం మాట్లాడుకోబోయేవి వేరే రకానివి. వాటిలో ఒక యువకుడు కొండ అంచు మీద నుంచి దూకుతాడు. ఇంకొకడు మోటారు సైకిలు ముందు చక్రం గాల్లోకి లేపి లారీల మధ్య నుంచి దూసుకుపోతాడు. మరొకడు ఒక మేడ మీద నుంచి పక్క మేడ మీదికి గెంతుతాడు. ఆఖర్న ఒక శీతల పానీయం సీసానో, ఒక బండి పేరో తెర మీద మెరుస్తుంది. ఇది చూసిన పిల్లవాడు తన వీధిలో అలాంటిదే చేయబోయి కాలో చెయ్యో విరగ్గొట్టుకున్నాడనుకోండి. అంతకన్నా ఘోరమే జరిగిందనుకోండి. ఆ నష్టంలో ప్రకటన ఇచ్చినవారికి ఏమైనా వాటా ఉంటుందా, ఉండదా?

ఈ ప్రశ్నకు యాభై ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఢిల్లీ నుంచో లండన్ నుంచో చూసేకంటే, మనవాళ్లు బతుకుతున్న ఒక పేట నుంచి చూస్తే విషయం తేటగా తెలుస్తుంది. ఆ పేట పద్మనగర్. మహారాష్ట్రలో, ఠాణే జిల్లాలో, భివండీ పట్టణంలో ఉంది.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మీకు భివండీ పేరు కొత్త కాదు. కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి చేమగ్గం కూడు పెట్టక కదిలిన పద్మశాలీలు కొందరు షోలాపూర్ చేరారు, కొందరు బొంబాయి మిల్లులకు పోయారు, కొందరు సూరత్ దారి పట్టారు, కొందరు భివండీలో సాంచెల మీద నిలబడ్డారు. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల్లో పెద్ద సమ్మె మొదలయ్యాక, మిల్లుల్లో నేయవలసిన బట్ట చాలావరకు మరమగ్గాల వైపు మళ్లింది. భివండీలో సాంచెల చప్పుడు మరింత పెరిగింది. ఆ చప్పుడు మధ్యనే పద్మనగర్ తెలుగు పేటగా స్థిరపడింది. అక్కడ ఇంట్లో మాట తెలుగు, బజారులో మాట హిందీ, కార్యాలయంలో మాట మరాఠీ, మందు సీసా మీద రాత ఇంగ్లీషు. ఈ నాలుగు భాషల సంగతి కాస్త గుర్తుంచుకోండి. మన ప్రశ్నకు జవాబు సగం అందులోనే ఉంది.

ఆ పేటకు ప్రకటనలు ఎలా చేరాయి? మొదట గాలిలో చేరాయి. ఆకాశవాణి 1957 అక్టోబరులో వివిధ భారతిని ప్రారంభించింది. పదేళ్ల పాటు అందులో ప్రకటనలు లేవు. 1967 నవంబరు 1న బొంబాయి, పుణే, నాగపూర్ ప్రాంతంలో వాటిని మొదలుపెట్టారు. అంటే దేశంలో ఆకాశవాణి వ్యాపార ప్రకటన మొట్టమొదట వినే అవకాశం దక్కినవారిలో భివండీ ప్రాంతం వారూ ఉన్నారన్నమాట. 1976 జనవరి 1 నుంచి దూరదర్శన్‌లో ప్రకటనలు వచ్చాయి. 1990లలో కేబుల్ తీగలు ఇల్లిల్లూ చుట్టుకున్నాయి. 1995లో జెమిని, ఈటీవీ ప్రారంభమయ్యాక రాష్ట్రం బయట ఉన్న తెలుగువారి ఇళ్లలోకి కూడా తెలుగు మాటలు, తెలుగు పాటలు, వాటి వెంట తెలుగు హీరోల ప్రకటనలు నడిచివచ్చాయి.

ప్రకటన మనుషుల్ని నిజంగా కదిలిస్తుందా అని మీకు సందేహం రావచ్చు. ఒక్క ఉదాహరణ చెబుతాను. 1975లో లిరిల్ సబ్బు ప్రకటనలో ఒక అమ్మాయి జలపాతం కింద కేరింతలు కొడుతూ స్నానం చేస్తుంది. ఆ చిత్రం తీసింది తమిళనాడులోని కొడైకెనాల్ దగ్గర, పాంబార్ జలపాతంలో. ఆ తర్వాత ఆ జలపాతానికి జనం లిరిల్ జలపాతమని పేరు పెట్టేశారు. కొండా నీరూ ఎన్నో ఏళ్ల నుంచి అక్కడే ఉన్నాయి. కొద్ది క్షణాల బొమ్మ వాటి పేరు మార్చేసింది. ఆ ప్రకటన వల్ల ఎవరికో హాని జరిగిందని నేను అనడం లేదు. బొమ్మకు ఎంత బలం ఉందో చూడమంటున్నాను. ఇవాళ వానాకాలం వస్తే ఠాణే జిల్లా అధికారులు జలపాతాల దగ్గరికి, ఆనకట్టల దగ్గరికి పోవద్దని నిషేధాజ్ఞలు జారీ చేయవలసి వస్తోంది. పోలీసులు వద్దన్నచోటికి పోవడమే మగతనమని చెప్పే బొమ్మలు అదే సమయంలో ఇంట్లో ఆడుతూ ఉంటాయి.

శీతల పానీయాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1977లో కోకాకోలా మన దేశం వదిలి వెళ్లాక పార్లే కంపెనీ థమ్సప్ తెచ్చింది. 1993లో కోకాకోలా తిరిగివచ్చి ఆ పేరును కొనుక్కుంది. ఆ పానీయం ప్రకటనల్లో ఉరుము, తుపాను, సాహసం అనేవే పల్లవి. మన తెలుగునాట మొదట చిరంజీవి, తర్వాత మహేష్ బాబు వాటిలో కనిపించారు. 2003లో మౌంటెన్ డ్యూ మన దేశానికి వచ్చింది. కొంతకాలానికి దాని ప్రకటనలు ఒక మాట పట్టుకున్నాయి. భయాన్ని దాటితే అవతల గెలుపు ఉందన్నది ఆ మాట సారాంశం. వినడానికి ఎంతో బాగుంది. బడిలో గోడ మీద రాసుకోవచ్చు అనిపిస్తుంది.

ఇప్పుడు ఈ మాటను పద్మనగర్‌లో సాంచెల షెడ్డులోకి తీసుకుపోదాం. అక్కడ నాడె ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కంటికి ఆనని వేగంతో పరుగెత్తుతూ ఉంటుంది. ఒక్కోసారి దారి తప్పి బయటికి ఎగురుతుంది. అప్పుడు ఎదురుగా మనిషి ఉంటే కన్ను పోవచ్చు. పట్టా తిరుగుతూ ఉంటుంది. పంచె కొంగో, చీర చెంగో, చొక్కా చెయ్యో దానికి అందితే మనిషిని లాక్కుంటుంది. కొత్తగా పనికి వచ్చిన కుర్రవాడికి పెద్ద నేతగాడు మొదట నేర్పేది పోగు అతకడం కాదు, ఎక్కడ నిలబడకూడదో నేర్పుతాడు. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో, సాంచె ఆపకుండా దేన్ని ముట్టకూడదో చెబుతాడు. అంటే ఆ వృత్తిలో భయం కూడా ఒక పనిముట్టే. భయం దాటినవాడు అక్కడ వేళ్లు పోగొట్టుకుంటాడు. పగటి పాళీలో తండ్రి ఆ పాఠం మీద బతుకుతూ ఉంటే, అదే సమయానికి ఇంట్లో కొడుకు టీవీ ముందు కూర్చుని దానికి సరిగ్గా తలకిందులైన పాఠం నేర్చుకుంటూ ఉంటాడు. ఈ రెండు పాఠాల మధ్య నలిగేది ఒక కుటుంబం.

ప్రకటనలు ఇచ్చేవారు దీనికి ఏమంటారు? వారి వాదన కూడా న్యాయంగా వినాలి. ఇదంతా కల్పన అని అందరికీ తెలుసు, సినిమాల్లో ఇంతకన్నా పెద్ద సాహసాలు లేవా, పిల్లవాడు పడిపోయింది మా బొమ్మ చూసే అని ఎవరు రుజువు చేయగలరు, అని అడుగుతారు. మన సామెత కూడా వాళ్లకే సాయం వస్తుంది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందట. తప్పు నక్కదే కదా అంటారు.

కానీ ఒక్క క్షణం ఆలోచించండి. సామెతలో పులి తన దారిన తాను పోతోంది. తన చారలు చూడమని నక్కను పిలవలేదు. ప్రకటన అలా కాదు. మనం చూసినట్టు చేయాలన్నదే దాని ఏకైక లక్ష్యం. సినిమా ఒక కథ చెప్పి డబ్బు తీసుకుంటుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ప్రకటన మాత్రం తెర మీద మనిషి ఏం తాగితే అది తాగమని, ఏ బండి ఎక్కితే అది ఎక్కమని, రోజుకు పదిసార్లు, నెలల తరబడి చూపిస్తుంది. అనుకరణ మీదనే కోట్ల రూపాయలు ఖర్చు పెట్టినవారు, తాగడం వరకే అనుకరించండి, దూకడం అనుకరిస్తే మాకు సంబంధం లేదు అంటే ఎలా కుదురుతుంది? మొదటి అనుకరణ లాభం తమది, రెండో అనుకరణ నష్టం ఇంకొకరిది అన్నమాట. మన సేట్లు కూడా ఇంత తెలివైన లెక్క రాయలేరు.

ఇది నేను ఇప్పుడు కనిపెట్టిన వాదన కాదు. న్యాయస్థానాలూ ప్రభుత్వాలూ దీన్ని తడుముకుంటూ తడుముకుంటూ ఇక్కడి దాకా వచ్చాయి. చిత్రమేమిటంటే, అందులో పేరుపడ్డ కేసుల్లో ఒకటి రేడియో మీద వచ్చింది. మేము రేడియోలో కూర్చుని మాట్లాడేటప్పుడు అది తప్పకుండా చెప్పుకోవాలి.

1970 జులైలో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరంలో కేహెచ్‌జే అనే రేడియో స్టేషను శ్రోతల్ని పెంచుకోవడానికి ఒక పోటీ పెట్టింది. వారి వ్యాఖ్యాత ఒక కారులో ఊరంతా తిరుగుతూ ఉంటాడు. ఇప్పుడు ఫలానా చోటికి వెళుతున్నాడని రేడియోలో చెబుతారు. ముందుగా అక్కడికి చేరి, అడిగినది చెప్పినవారికి డబ్బు బహుమతి. టీనేజిలో ఉన్న ఇద్దరు వేర్వేరు కార్లలో ఆ కారు వెంట పడ్డారు. గంటకు 80 మైళ్ల వేగం దాకా పోయారు. ఆ పందెంలో వేరొకరి కారు రోడ్డు మధ్య దిమ్మె మీదికి నెట్టుకుపోయి బోల్తా పడింది. పోటీతో ఏ సంబంధమూ లేని ఆ మనిషి చనిపోయాడు. అతని భార్య, పిల్లలు కోర్టుకు వెళ్లారు. కారు నడిపింది కుర్రవాళ్లు, మేము కాదు అని స్టేషను వాదించింది. జ్యూరీ మూడు లక్షల డాలర్ల పరిహారం చెల్లించమంది. 1975లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ముందుగా చేరినవాడికే బహుమతి అంటే కుర్రకారు రోడ్డు మీద పందెం వేసుకుంటారని ఊహించడం కష్టం కాదని, ఊహించగలిగిన ప్రమాదానికి పూచీ తప్పదని ఆ తీర్పు సారం.

అదే 1975లో ఇంకో సంగతి జరిగింది. జనరల్ ఫుడ్స్ అనే కంపెనీ తన అల్పాహారం అమ్ముకోవడానికి యూఎల్ గిబ్బన్స్ అనే ప్రకృతి ప్రేమికుడిని పెట్టుకుంది. ఆయన అడవిలో మొక్కల గురించి పుస్తకాలు రాసినవాడు. ఏ ఆకు తినవచ్చో, ఏది కూడదో బాగా ఎరిగినవాడు. ప్రకటనలో ఆయన ఆరుబయట తిరుగుతూ అడవి మొక్కలు తినవచ్చని చూపిస్తాడు. ఆయనకు అందులో ప్రమాదం లేదు. కానీ చూసే చిన్నపిల్లలకు ఆయనకున్న జ్ఞానం లేదు కదా. పిల్లలు చేతికి దొరికిన విషపు ఆకు నోట్లో పెట్టుకోవచ్చునని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం చెప్పి ఆ ప్రకటనలు మాన్పించింది. 1970ల ఆఖర్న అదే కమిషన్ ఏఎంఎఫ్ అనే సైకిళ్ల కంపెనీ మీద కూడా కన్ను వేసింది. ప్రకటనల్లో పిల్లలు జాగ్రత్త లేకుండా సైకిళ్లు తొక్కుతున్నట్టు చూపించారని దాని మీద ఆరోపణ. ఆ ప్రకటనలు ఆపమనడంతో కమిషన్ ఊరుకోలేదు. సైకిలు భద్రంగా తొక్కడం ఎలాగో చెప్పే చిత్రాలు కంపెనీ సొంత ఖర్చుతో తీయించి టీవీ కేంద్రాలకు ఇవ్వమంది. చెడగొట్టిన చేతనే బాగుచేయించడమన్నమాట. ఈ శిక్షలో ఒక తెలివి ఉంది.

ఇక మన దేశం సంగతి. మనకు నియమాలు లేవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆకాశవాణి, దూరదర్శన్ వాణిజ్య ప్రకటనల నియమావళిలో పిల్లల భద్రతకు ముప్పు తెచ్చే ఏ ప్రకటననూ తీసుకోకూడదని ఎప్పుడో రాసుకున్నారు. ఉదాహరణలు కూడా ఇచ్చారు. నడిరోడ్డు మీద ఆడుకోవడం, కిటికీలో నుంచి ప్రమాదంగా బయటికి వంగడం, అగ్గిపెట్టెలతో ఆడుకోవడం వంటివి చూపరాదన్నారు. ఈ ఉదాహరణలు రాసినవారు ఎవరో గాని, పిల్లలున్న ఇంట్లో మసలినవారే అయివుంటారు. పద్మనగర్ లాంటి పేటలో ఆటస్థలం అంటే రోడ్డే. పిట్టగోడ సరిగా లేని డాబాయే. సంక్రాంతికి పతంగి ఎగరేసే పిల్లవాడు ఆకాశం చూస్తాడు గాని అంచు చూడడు.

1985లో ప్రకటనల రంగం వారే ముంబయి కేంద్రంగా ఒక మండలి పెట్టుకున్నారు. దాని పేరు అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. సరైన కారణం లేకుండా ప్రమాదకరమైన పనులు చూపించకూడదని, భద్రత పట్ల నిర్లక్ష్యాన్ని ప్రోత్సహించకూడదని దాని నియమావళి చెబుతుంది. పిల్లలు ప్రమాదంగా ఎక్కడం, కిటికీల నుంచి, వంతెనల మీద నుంచి వంగడం చూపరాదంటుంది. మోటారు వాహనాల ప్రకటనలకు వేరే మార్గదర్శకాలున్నాయి. ట్రాఫిక్ నియమాలు ఉల్లంఘిస్తున్నట్టు చూపరాదు, మామూలు రోడ్ల మీద విన్యాసాలు చూపరాదు, చూపే విన్యాసాలకు చదవగలిగేలా హెచ్చరిక ఉండాలి అన్నారు. అయితే ఆ మండలి స్వచ్ఛందమైనది. దాని మాట వినకపోతే జైలేమీ లేదు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాల్లో ప్రకటనల నియమావళి చేర్చారు. పిల్లల భద్రతకు ముప్పు తెచ్చే ప్రకటన వేయకూడదన్న మాట అందులోనూ ఉంది. 2006లో ఆ నియమాలను సవరించి, మండలి నియమావళిని అతిక్రమించే ప్రకటన ఏదీ కేబుల్‌లో రాకూడదన్నారు. అప్పటి నుంచి ఆ స్వచ్ఛంద మాటకు కాస్త చట్టం దన్ను దొరికింది.

2019లో కొత్త వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని కింద 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఏర్పడింది. తప్పుదారి పట్టించే ప్రకటన మీద పది లక్షల రూపాయల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది. 2022 జూన్‌లో విడుదలైన మార్గదర్శకాల్లో పిల్లలను ఉద్దేశించిన ప్రకటనలకు ప్రత్యేక నిబంధన పెట్టారు. పిల్లలకు ప్రమాదం తెచ్చే ప్రవర్తనను మెచ్చుకునేలా, ప్రోత్సహించేలా, అనుకరింపజేసేలా అవి ఉండకూడదు.

కాగితం మీద ఇంత ఉండగా మరి తెర మీద ఎందుకు దూకుతున్నారు? ఇక్కడే మన నాలుగు భాషల సంగతి వస్తుంది. నియమావళి హెచ్చరిక అడిగితే, ప్రకటనదారు హెచ్చరిక వేస్తాడు. ఈ విన్యాసాలు నిపుణులు చేశారు, మీరు అనుకరించవద్దు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం, చీమ కాళ్లంత అక్షరాల్లో, తెర అడుగున, రెండు మూడు క్షణాలు మెరిసి మాయమవుతుంది. హీరో మాట్లాడేది తెలుగో హిందీయో. దూకడానికి ఏ భాషా అక్కర్లేదు, రెండేళ్ల బిడ్డకూ అర్థమవుతుంది. వద్దనే మాట మాత్రం ఇంగ్లీషులో. రాత్రి పాళీ చేసి వచ్చి కూర్చున్న తల్లిదండ్రుల్లో ఎందరు దాన్ని చదవగలరు? చదవగలిగినా, చదివేలోపు అది తెర మీద ఉంటుందా? ఇలాంటి హెచ్చరిక చూసేవాడి కోసం వేసినట్టు అనిపించదు. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి దాచుకున్న రసీదులా ఉంటుంది. 2022 మార్గదర్శకాలు ఈ లోపాన్ని కొంత పట్టుకున్నాయి. ప్రకటనలో చేసిన వాదం ఏ భాషలో ఉందో దానికి పెట్టే వివరణ కూడా అదే భాషలో ఉండాలని, అక్షరాలు స్పష్టంగా కనబడాలని చెప్పాయి. నియమం మంచిదే. దాన్ని అమలు చేయించుకోవడం మిగిలింది.

హెచ్చరిక ఎలా ఉంటే పని చేస్తుందో మన టీవీ చరిత్రలోనే ఒక నమూనా ఉంది. 1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో శక్తిమాన్ ధారావాహిక మొదలైంది. పిల్లలు దాని కోసం వెర్రెత్తిపోయారు. ఆపదలో ఉంటే శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మి కొందరు పిల్లలు ప్రాణం మీదికి తెచ్చుకున్నారని అప్పట్లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. వాటిలో ఎంత నిజమన్న చర్చ ఎలా ఉన్నా, ఆ వేషం వేసిన ముకేశ్ ఖన్నా తెర మీదికి తానే వచ్చి, అలా చేయకండని పిల్లలకు నేరుగా చెప్పారు. ఆశ పుట్టించిన నోరే, అదే భాషలో, అంతే గట్టిగా వద్దని చెప్పింది. ప్రకటనల హీరోలు కూడా అలా ఎందుకు చెప్పకూడదు? ముప్పై క్షణాలు దూకినవారికి అయిదు క్షణాలు ఆగి, నా నడుముకు తీగ కట్టి ఉంది, కింద వల ఉంది, పక్కన అంబులెన్సు ఉంది అని తెలుగులో చెప్పడం కష్టమా? నేతగాడు బట్ట కొనేటప్పుడు తిరగేసి చూస్తాడు. వెనక వైపు ముడులు, తెగిన పోగులు అక్కడ తెలుస్తాయి. ప్రకటన తన వెనక వైపు చూడనివ్వదు. తీగను, వలను, బదులు దూకిన మనిషిని తుడిచేసి మనకు ఇస్తుంది.

శ్రోతలారా, ప్రకటన అంటే టీవీలో వచ్చే బొమ్మ ఒక్కటే అనుకోకండి. లాస్ ఏంజెలిస్ రేడియో చేసినట్టు, బహుమతి కట్టి జనాన్ని ప్రమాదం మీదికి పిలవడం కూడా ప్రకటనే. దానికి మన ఠాణే జిల్లాలోనే ఉదాహరణ ఉంది. గోకులాష్టమి మర్నాడు ఉట్టి కొట్టే దహీ హండీ పండుగ మీకు తెలుసు. ఒకప్పుడు అది వాడలో వేడుక. క్రమంగా రాజకీయ నాయకులు, వ్యాపారులు దాని చుట్టూ చేరారు. ఇన్ని అంతస్తులు కడితే ఇన్ని లక్షలు అని బ్యానర్లు వెలిశాయి. ఆ బ్యానర్ మీద ఇచ్చేవాడి ముఖం పెద్దది, ఎక్కేవాడి పేరే ఉండదు. 2012లో ఠాణేలో ఒక బృందం తొమ్మిది అంతస్తులు కట్టి సుమారు 43 అడుగుల ఎత్తుతో ప్రపంచ రికార్డు సాధించింది. పై అంతస్తుకు తేలికైనవాళ్లు కావాలి గనుక చిన్నపిల్లల్ని ఎక్కించేవారు. 2014లో బొంబాయి హైకోర్టు ఎత్తు 20 అడుగులు దాటకూడదని, 18 ఏళ్ల లోపువారు పాల్గొనకూడదని ఆదేశించింది. 2016లో సుప్రీం కోర్టు ఆ హద్దులు సడలించడానికి ఒప్పుకోలేదు. 2017లో హైకోర్టు ఎత్తు మీద పరిమితి తీసేసి, 14 ఏళ్ల లోపువారిని దింపబోమన్న ప్రభుత్వ హామీని నమోదు చేసుకుంది.

పండుగ వద్దని ఎవరూ అనరు. నేనూ అనను. ఈ వ్యాజ్యాల్లో ఎత్తు ఎంత, వయసు ఎంత అని ఎన్నో ఏళ్లు చర్చించారు. పై అంతస్తుకు రేటు కట్టినవాడి పూచీ ఎంత అన్నది మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఎత్తు పెరిగే కొద్దీ బహుమతి పెంచినవాడు, ఎవరో ఒకరు పడతారని ఊహించలేడా? కాలిఫోర్నియా కోర్టు 1975లో అడిగిన ప్రశ్న ఇదే కదా.

ఇప్పుడు బాధ్యత ఎవరి మీద ఎంత పడుతోందో చూడండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే, తండ్రిని లేదా సంరక్షకుడిని, బండి యజమానిని దోషిగా చూస్తారు. తమకు తెలియకుండా జరిగిందని, తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేసుకుంటే తప్ప, మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఈ చట్టం అవసరమే. పిల్లవాడి చేతికి తాళం ఇచ్చిన తండ్రిది తప్పే. కానీ సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి జవాబు చెప్పుకోవలసి వచ్చినప్పుడు, ఆ బండిని గాలిలో ఎగిరించి చూపి ఆశ పెట్టినవారు కనీసం ఒక ఉత్తరానికి జవాబు చెప్పుకోవద్దా? తండ్రి పూచీ ప్రకటనదారు పూచీని చెరిపేయదు. రెండూ పక్కపక్కన ఉండవలసినవి.

మరి మనం చేయగలిగింది ఏమిటి? ఇంతసేపు చెప్పుకున్న చరిత్రలో ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. ఏ నియమమూ దానంతట అది రాలేదు. భర్తను పోగొట్టుకున్న ఒక ఇల్లాలు కోర్టు మెట్లు ఎక్కితే ఒక తీర్పు వచ్చింది. పిల్లల కోసం దిగులు పడ్డవారు అడిగితే ఒక మార్గదర్శకం వచ్చింది. ప్రకటనల మండలికి ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఏ ప్రకటన, ఏ చానల్‌లో, ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చింది, అందులో ఏది ప్రమాదంగా ఉంది అని రాస్తే చాలు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటు. ఈ ఒక్క విషయంలో ముందే పట్టుకుందాం.

ఇంట్లో చేయగలిగిన పని కూడా ఒకటి ఉంది. దానికి ఖర్చు లేదు. అలాంటి ప్రకటన వచ్చినప్పుడు టీవీ కట్టేయకండి. పక్కన ఉన్న పిల్లవాడిని అడగండి. వాడి నడుముకు తీగ ఎక్కడుందో కనిపెట్టరా అనండి. కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారో చెప్పమనండి. దూకినవాడు ఎక్కడ దిగాడో చూపించారా లేదా అని అడగండి. రెండు మూడు సార్లు అడిగితే పిల్లలే వెతకడం మొదలుపెడతారు, మనకన్నా బాగా కనిపెడతారు. నాడె ఎగిరే చోట నిలబడకూడదని కొడుక్కి చెప్పే తండ్రికి ఈ పాఠం చెప్పడం కష్టమేమీ కాదు. షెడ్డులో నేర్పేది ఇంట్లో కూడా నేర్పడమే.

పద్మనగర్‌లో ఉన్న మీ బంధువులకు ఉత్తరం రాసినప్పుడో, ఫోను చేసినప్పుడో ఈ సంగతి ఒక మాటగా చెప్పండి.